థాయ్‌లాండ్‌లో గడువు అయిపోతోందా? లావోస్ దాకా వెళ్ళి రావడం ఎలా

బ్యాంకాక్‌లోనో పట్టాయాలోనో కాస్త కుదురుకున్నారు. ఇంకో నెల ఉంటే బాగుండనిపిస్తోంది. పాస్‌పోర్ట్ తీసి చూస్తే గడువు ఇంకో పది రోజుల్లో ముగుస్తుంది. అదే హాస్టల్లో ఉండే ఎవరో ఒకరు అప్పుడే సలహా పడేస్తారు: "దానికెందుకన్నా టెన్షన్? పొద్దున్నే బోర్డర్ దాటు, సాయంత్రానికి వచ్చెయ్. మళ్ళీ అరవై రోజులు."

ఈ మాటలో సగమే నిజం. ఇలా సరిహద్దు దాటి తిరిగి రావడాన్నే బోర్డర్ రన్ అంటారు. దాన్ని అందరూ వీసా రెన్యువల్ అనుకుంటారు కానీ అక్కడ రెన్యువల్ అయ్యేదేమీ ఉండదు. మీరు దేశం దాటిన నిమిషమే పాత అనుమతి రద్దవుతుంది. తిరిగి వచ్చి కౌంటర్ ముందు నిలబడినప్పుడు మీరు కొత్తగా వస్తున్న టూరిస్టే. రానివ్వాలా వద్దా అనేది ఆ సీట్లో కూర్చున్న ఆఫీసర్ చేతిలో ఉంటుంది. అందుకని బస్సు టికెట్టు కన్నా ముందు ఆయనకు చెప్పే జవాబు సిద్ధం చేసుకోవాలి. భారత పాస్‌పోర్ట్‌తో వెళ్ళేవాళ్ళ కోసం, ముఖ్యంగా లావోస్ దారి గురించి, వరసగా చెబుతాను.

ముందు స్టాంపు మీద తేదీ చూడండి

2024 జూలై 15 నుంచి భారతీయులకు థాయ్‌లాండ్‌లో వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలు కల్పించారు. అంతకుముందు, 2023 నవంబరు నుంచి అది 30 రోజులే. ఈ 60ని మళ్ళీ 30కి దించాలన్న మాట 2025 నుంచీ నలుగుతూనే ఉంది. కాబట్టి స్నేహితుడికి ఎన్ని రోజులు ఇచ్చారో మీకు అనవసరం. మీ పాస్‌పోర్ట్ మీద కొట్టిన స్టాంపులో ఏ తేదీ ఉంటే మీకు అదే లెక్క. దిగిన రోజు తేదీ ఒకటి, దాని కింద ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే తేదీ ఒకటి ఉంటాయి. రెండోది చూసుకోవాలి.

దిగిన రోజునే మొదటి రోజుగా లెక్కేస్తారు. జనవరి 10న దిగితే, లీపు సంవత్సరం కానప్పుడు, 60వ రోజు మార్చి 10 అవుతుంది. "రెండు నెలలు కదా, రాత్రి ఫ్లైట్‌కి బయల్దేరాను కదా" అని వేళ్ళ మీద లెక్కపెట్టి ఒకటి రెండు రోజులు జారవిడిచేవాళ్ళు చాలామంది. గడువు దాటితే రోజుకు 500 బాత్ జరిమానా, గరిష్ఠంగా 20,000 బాత్. డబ్బుతో పోతే పర్వాలేదు. 90 రోజులకు మించి ఉండిపోయినవాళ్ళు తమంతట తామే వెళ్ళి లొంగిపోయినా ఏడాది పాటు దేశంలోకి రానివ్వరు. అదే తనిఖీలో దొరికిపోతే, ఉండిపోయింది కొద్ది రోజులే అయినా, 5 ఏళ్ళ నిషేధం పడొచ్చు. ఆ స్టాంపు ఒకసారి పడిందంటే తర్వాత ప్రతి కౌంటర్‌లోనూ దాని గురించే అడుగుతారు.

గడువుకు కనీసం రెండు వారాల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. కింద చెప్పేవన్నీ ఆ రెండు వారాల్లో చేసుకునే పనులు.

అసలు బోర్డర్ దాకా వెళ్ళాలా?

మొదటిసారి 60 రోజులు పూర్తవుతున్నవాళ్ళలో చాలామందికి ఆ అవసరమే లేదు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళి 1,900 బాత్ కడితే 30 రోజులు పొడిగిస్తారు. బోర్డర్ దాకా రానూపోనూ ప్రయాణం, లావోస్ వీసా, రెండు రాత్రుల హోటల్ కలిపితే ఖర్చు ఇంతకన్నా చాలా ఎక్కువే అవుతుంది. పైగా ఇక్కడ వెనక్కి పంపుతారేమోనన్న భయం ఉండదు. నన్నడిగితే, ఎక్స్‌టెన్షన్ వాడుకోకుండా నేరుగా బోర్డర్ రన్‌కు బయల్దేరడం డబ్బూ అవకాశమూ రెండూ పారేసుకోవడమే.

దానికి కావలసినవి: టీఎం 7 అనే దరఖాస్తు ఫారం, 4×6 సెంటీమీటర్ల ఫోటో, పాస్‌పోర్ట్‌లో మీ వివరాల పేజీ, ఎంట్రీ స్టాంపు ఉన్న పేజీల జిరాక్సులు, వచ్చేముందు ఆన్‌లైన్‌లో నింపిన డిజిటల్ అరైవల్ కార్డు ప్రింటు, మీరు ఉంటున్న చోటు నమోదైనట్టు చూపించే టీఎం 30 రసీదు. ఈ చివరిదే చాలామందికి అడ్డుపడుతుంది. విదేశీయుడు దిగిన చోటి వివరాలు ఇంటి యజమానో హోటలో ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. హోటళ్ళు మామూలుగా చేసేస్తాయి. కాండోలో, అంటే అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో, అద్దెకు దిగినవాళ్ళ ఓనర్లలో కొందరు పట్టించుకోరు. అందుకే ఆఫీసుకు వెళ్ళే ముందురోజు కాకుండా, గదిలో చేరిన రోజే అడిగి తీసుకోండి.

బ్యాంకాక్‌లో ఉంటే చేంగ్ వత్తనలోని ప్రభుత్వ కార్యాలయాల సముదాయంలో బి బిల్డింగ్‌కు వెళ్ళాలి. పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా భోజన విరామం, అంతవరకూ టోకెన్ చేతిలో పట్టుకుని కూర్చోవాల్సిందే. భుజాలు కనపడే బనియన్లు, బీచ్ నిక్కర్లు వద్దు. ఇలాంటివి ఎక్కడా రాసి ఉండవు, కానీ తేడా మాత్రం తెలుస్తుంది. పొడిగించిన 30 రోజులు పాత గడువు ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతాయి. కాబట్టి వారం ముందే వెళ్ళినా ఒక్క రోజు కూడా పోదు. పైన చెప్పిన ఉదాహరణలో మార్చి 10 కాస్తా ఏప్రిల్ 9 అవుతుంది.

ఇది కూడా అయిపోయి, ఇంకా ఉండాలనుకుంటే అప్పుడు బోర్డర్ సంగతి ఆలోచించండి.

మీ పాస్‌పోర్ట్ ఏం కథ చెబుతోంది?

ఆఫీసర్ మీ మాటలు వినకముందే మీ పేజీలు తిరగేస్తాడు. మీరూ ఆయన కళ్ళతో ఒకసారి తిరగేసి చూడండి.

భూ సరిహద్దు గుండా వీసా లేకుండా క్యాలెండర్ సంవత్సరానికి రెండుసార్లే రానిస్తారు. ఈ పరిమితి 2016 చివర్లో వచ్చింది. జనవరి 1న లెక్క మళ్ళీ సున్నాతో మొదలవుతుంది. విమానంలో వచ్చేవాళ్ళకు ఇలా రాతపూర్వకమైన సంఖ్య ఏదీ లేదు. అలాగని ఎన్నిసార్లయినా రానిస్తారని కాదు. 2025 నవంబరులో థాయ్ ఇమ్మిగ్రేషన్ చెప్పింది సూటిగానే ఉంది: తగిన కారణం లేకుండా రెండుసార్లకు మించి ఇలా బయటికి వెళ్ళి వస్తున్నవాళ్ళను విమానాశ్రయంలో అయినా ఆపేస్తాం. ఆన్‌లైన్ మోసాల ముఠాలు టూరిస్టుల ముసుగులో తిష్ఠ వేయడమే ఇంత కట్టుదిట్టానికి కారణం.

అంటే మొదటి రన్ మామూలుగా నడిచిపోతుంది. రెండోదానికి ప్రశ్నలు వస్తాయి. మూడోది జూదం. అదీగాక, పోయిన ఏడాదిలో సగం థాయ్‌లాండ్‌లోనే గడిపినవాడు "చూడాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి సార్" అంటే ఎవరూ నమ్మరు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తున్నవాళ్ళకు ఒక మాట. టూరిస్టుగా వచ్చి పని చేయడానికి అనుమతి లేదు, కౌంటర్‌లో "వర్క్ ఫ్రమ్ హోమ్" అన్నారంటే చిక్కులో పడ్డట్టే. మీలాంటివాళ్ళ కోసమే 2024 జూలైలో డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా తెచ్చారు. డీటీవీ అంటారు. 5 ఏళ్ళు చెల్లుతుంది, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. 20 ఏళ్ళు నిండి ఉండాలి, ఖాతాలో 5 లక్షల బాత్‌లకు సమానమైన డబ్బు చూపించాలి. దరఖాస్తు థాయ్‌లాండ్ బయటి నుంచే చేయాలి. ఏటా నాలుగైదు నెలలు ఇక్కడే గడపాలనుకునేవాళ్ళు బోర్డర్ల చుట్టూ తిరిగే బదులు ఇంటికి వెళ్ళినప్పుడు దీన్ని తెచ్చుకోవడం మేలు.

ఏ దారిన వెళ్ళాలి?

కంబోడియా వైపు వద్దు. ఒకప్పుడు అరణ్యప్రథేత్–పోయ్‌పెట్ దారి బోర్డర్ రన్‌కు పెట్టింది పేరు. 2025లో రెండు దేశాల మధ్య గొడవ ముదిరి జూన్‌లో ఆ సరిహద్దు మూతపడింది, జూలైలోనూ డిసెంబరులోనూ కాల్పులే జరిగాయి. నెట్‌లో ఇంకా పాత గైడ్లు కనిపిస్తాయి. అవి చూసి బస్సెక్కకండి.

మయన్మార్ వైపు అసలే వద్దు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. "వీసా రన్ మేమే ఉచితంగా చేయిస్తాం, అక్కడే డేటా ఎంట్రీ జాబ్ కూడా ఉంది" అని ఎవరైనా మే సొట్ పట్టణానికి రమ్మంటే ఆ నంబర్ బ్లాక్ చేయండి. మే సొట్‌కు ఎదురుగా నది అవతల మయవాడి ఉంది. టూరిస్టులుగా బ్యాంకాక్‌లో దిగిన మనవాళ్ళను అక్కడి సైబర్ మోసాల కేంద్రాలకు తరలించి, పాస్‌పోర్ట్‌లు లాక్కుని పని చేయించిన కేసులు వందల్లో ఉన్నాయి. 2025 మార్చిలోనూ నవంబరులోనూ భారత వైమానిక దళ విమానాలు మే సొట్ నుంచి వందలమందిని వెనక్కి తెచ్చాయి. వాళ్ళలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుర్రాళ్ళూ ఉన్నారు. లావోస్‌లో కూడా బొకేవ్ రాష్ట్రంలోని గోల్డెన్ ట్రయాంగిల్ ప్రత్యేక ఆర్థిక మండలి ఇలాంటి చోటే. అక్కడ చిక్కుకున్న భారతీయులను లావోస్ రాజధాని వియెంటియాన్‌లోని మన ఎంబసీ విడిపించిన సందర్భాలున్నాయి. మనం వెళ్ళేది దానికి చాలా దూరంలో ఉన్న దారి.

దక్షిణాన ఫుకెట్, క్రాబీ, హాట్ యాయ్ ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకు మలేసియా సులువు. భారతీయులకు అక్కడ 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఈ సదుపాయం 2026 డిసెంబరు 31 వరకు ఉంది. వాళ్ళ డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు, నింపే వెళ్ళాలి. హాట్ యాయ్ నుంచి పడాంగ్ బెసార్‌కు రైలుంది, దాదాపు గంట ప్రయాణం. ఆ స్టేషన్‌లో సౌకర్యం ఏమిటంటే రెండు దేశాల ఇమ్మిగ్రేషన్ కౌంటర్లూ ఒకే భవనంలో ఉంటాయి. మలేసియా గడియారం ఒక గంట ముందుంటుంది, తిరుగు రైలు చూసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు పెనాంగ్‌లో రెండు రోజులుండి రావడం మంచిది. జార్జ్ టౌన్ లిటిల్ ఇండియాలో ఇడ్లీ సాంబారు దొరుకుతాయి, నెలల తరబడి నూడుల్స్ తిన్న నోటికి అదే పండగ.

బ్యాంకాక్, పట్టాయా, ఈశాన్య థాయ్‌లాండ్ వాళ్ళకు లావోస్. ఇకపై అంతా దాని గురించే.

బయల్దేరే ముందు సర్దుకోవలసినవి

పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల చెల్లుబాటు ఉండాలి. ఖాళీ పేజీలు రెండు మూడైనా ఉండాలి, ఎందుకంటే లావోస్ వీసా స్టిక్కర్ ఒక్కటే పేజీ అంతా మింగేస్తుంది.

లావోస్‌కు భారతీయులకు వీసా కావాలి. రెండు దారులున్నాయి: ముందే ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకోవడం, లేదా సరిహద్దులోని బ్రిడ్జి దగ్గర వీసా ఆన్ అరైవల్ వేయించుకోవడం. మనం దాటబోయేది థాయ్ వైపు నోంగ్ ఖాయ్ పట్టణం నుంచి వియెంటియాన్ వైపు వెళ్ళే మొదటి ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జి, అక్కడ రెండూ చెల్లుతాయి. ఆన్ అరైవల్ అయితే పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, అమెరికన్ డాలర్లు పెట్టుకోండి. చేతిలో ఓ 60 డాలర్లు, అవీ పదులూ ఇరవైలూగా ఉంటే ఇబ్బంది ఉండదు. నోట్లు కొత్తవి అయి ఉండాలి. మూల చిరిగినా, పెన్ను గీత ఉన్నా, మడత మీద రంగు పోయినా తిప్పి ఇచ్చేస్తారు. బాత్‌లు కూడా తీసుకుంటారు గానీ వాళ్ళు కట్టే రేటు మనకు నష్టం. ఈ డాలర్లు బ్యాంకాక్‌లోనే మార్చుకోండి.

తిరిగి థాయ్‌లాండ్‌లోకి రావడానికి కావలసినవి వేరే కవర్లో పెట్టుకోండి. థాయ్‌లాండ్ నుంచి బయటికి వెళ్ళే విమాన టికెట్టు, కొత్తగా రాబోయే గడువు లోపల తేదీతో. ఇంటికి వెళ్ళే హైదరాబాద్ టికెట్టో విశాఖ టికెట్టో అయితే మరీ మంచిది, మీరు తిరిగి వెళ్ళిపోయే మనిషేనని అది చెప్పకనే చెబుతుంది. మొదటి కొన్ని రోజుల హోటల్ బుకింగ్. మనిషికి 20,000 బాత్ లేదా దానికి సమానమైన డబ్బు, నగదుగా. బ్యాంక్ బ్యాలెన్స్ ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు, భూ సరిహద్దుల్లో నోట్లే అడుగుతారు. ఇవన్నీ అందరినీ అడగరు. అడిగినప్పుడు లేకపోతేనే సమస్య.

నగదు ఏటీఎంలో తీస్తే విదేశీ కార్డు మీద ప్రతిసారీ రెండొందల బాత్‌ల పైనే ఛార్జీ పడుతుంది. అందుకే చిన్న మొత్తాలు పదిసార్లు తీయకుండా ఒకేసారి తీసుకోండి. ఈ-వీసా ఫీజు మన కార్డుతో కడుతుంటే ఓటీపీ ఇండియా నంబర్‌కే వస్తుంది. ఆ సిమ్ ఫోన్‌లో ఉండాలి, రోమింగ్ ఆన్ అయి ఉండాలి. చూడటానికి చిన్న విషయమే, రాత్రి పదకొండింటికి దరఖాస్తు చివరి పేజీలో ఆగిపోయినప్పుడు గానీ దీని విలువ తెలియదు.

ఇక థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు. 2025 మే 1 నుంచి ప్రతి విదేశీయుడూ దేశంలోకి వచ్చిన ప్రతిసారీ ఇది కొత్తగా నింపాలి. మొదటిసారి నింపింది ఇప్పుడు పనికిరాదు. రావడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. పూర్తిగా ఉచితం. వెతికితే ముందుగా పైన కనిపించే సైట్లలో డబ్బులు అడిగేవి చాలా ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. అసలు సైట్ చిరునామాలో "ఇమ్మిగ్రేషన్ డాట్ గో డాట్ టీహెచ్" అని ఉంటుంది. ప్రయాణ సాధనం దగ్గర విమానం అని కాకుండా భూమార్గం అని ఎంచుకోవాలి.

ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండగ. మన సంక్రాంతికి విజయవాడ బస్సులు ఎలా ఉంటాయో అప్పుడు అక్కడి రైళ్ళు అలా ఉంటాయి, ఆఫీసులూ మూసేస్తారు. మీ గడువు ఆ వారంలో పడితే ప్రయాణం పది రోజులు ముందే పెట్టుకోండి.

వెళ్ళే దారి

బ్యాంకాక్ నుంచి రాత్రి రైలు సుఖం. క్రుంగ్ థెప్ అభివత్ స్టేషన్ నుంచి నోంగ్ ఖాయ్‌కు స్లీపర్ రైలు ఉంది, సాయంత్రం ఎనిమిది దాటాక ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. 2024 జూలై నుంచి 133 నంబర్ రైలు నేరుగా వియెంటియాన్ దాకా వెళ్తోంది. అందులో అయినా నోంగ్ ఖాయ్‌లో అందరూ దిగి ఎగ్జిట్ స్టాంపు వేయించుకోవాలి. టికెట్లు థాయ్ రైల్వే వాళ్ళ డి-టికెట్ యాప్‌లో దొరుకుతాయి. కింది బెర్త్‌లు ముందే అయిపోతాయి. రైలు వద్దనుకుంటే డాన్ మ్యుయాంగ్ నుంచి ఉడోన్ థానీకి విమానం, అక్కడి నుంచి బ్రిడ్జికి గంట లోపు వ్యాన్.

బ్యాంకాక్‌లో "వీసా రన్" అని బోర్డు పెట్టి మినీవ్యాన్లలో తీసుకెళ్ళే ఏజెంట్లు ఉంటారు. పొద్దున తీసుకెళ్ళి అదే రోజు తిప్పి తెస్తారు. ఇలా వ్యాన్ దిగి వరసగా నిలబడే గుంపును చూడగానే ఎవరెందుకు వచ్చారో ఆఫీసర్లకు చెప్పనక్కర్లేదు. సొంతంగా వెళ్ళి, అవతల రెండు రాత్రులుండి వచ్చేవాడి పేజీకీ, రెండు గంటల్లో తిరిగి వచ్చినవాడి పేజీకీ చాలా తేడా ఉంటుంది.

నోంగ్ ఖాయ్ స్టేషన్ నుంచి బ్రిడ్జి దగ్గరే, టుక్‌టుక్‌లో ఐదారు నిమిషాలు. బ్రిడ్జి ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది. టుక్‌టుక్ వాళ్ళలో కొందరు మిమ్మల్ని తిన్నగా ఇమ్మిగ్రేషన్‌కు కాకుండా దారిలో ఏదో "వీసా సర్వీస్" దుకాణం ముందు ఆపుతారు. అక్కడ ఫారాలు నింపడానికి డబ్బులు తీసుకుంటారు. ఆ ఫారం అవతల కౌంటర్‌లో ఉచితంగానే ఇస్తారు. దిగకుండా "బ్రిడ్జి, బ్రిడ్జి" అంటే చాలు, బండి కదులుతుంది.

మొదట థాయ్ ఎగ్జిట్ కౌంటర్. ఇక్కడ స్టాంపు పడిందో లేదో చూసుకుని గానీ ముందుకు నడవకండి. తర్వాత షటిల్ బస్సు ఎక్కాలి, నడిచి దాటనివ్వరు. టికెట్టు కొద్ది బాత్‌లే. ఆస్ట్రేలియా సాయంతో కట్టి 1994 ఏప్రిల్‌లో తెరిచిన వంతెన ఇది, కిలోమీటరు పైచిలుకు పొడవు. మెకాంగ్ నది మీద, వంతెన మధ్యలోనే రైలు పట్టాలు కూడా రోడ్డులోంచి సాగుతాయి. రైలు వచ్చేటప్పుడు బండ్లన్నీ ఆపేస్తారు. దాటాక ఒక తమాషా చూడండి: థాయ్‌లాండ్‌లో మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, లావోస్‌లో కుడి పక్కన. అందుకని లావోస్ ఒడ్డున సిగ్నల్ దగ్గర బస్సు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కత్తెరలా మారుతుంది.

అవతల వీసా ఆన్ అరైవల్ కిటికీ ముందు ఫారం, ఫోటో, పాస్‌పోర్ట్, డాలర్లు ఇవ్వాలి. స్టిక్కర్ అతికించిన పాస్‌పోర్ట్ పక్క కిటికీలో తీసుకుని, అక్కడి నుంచి ఎంట్రీ స్టాంపు కౌంటర్‌కు వెళ్ళాలి. ఈ రెండో కౌంటర్ మరిచిపోయి నేరుగా బయటికి నడిచేవాళ్ళు ఉంటారు, ఎవరూ పిలిచి ఆపరు. వీసా ఉండి ఎంట్రీ స్టాంపు లేకపోతే తిరిగి వెళ్ళేటప్పుడు పంచాయితీ అవుతుంది. బయట వియెంటియాన్‌లోని తలాత్ సావ్ మార్కెట్‌కు సిటీ బస్సు ఉంటుంది, నంబర్ 14. ట్యాక్సీవాళ్ళు మాత్రం "బస్సు లేదు" అనే అంటారు.

వియెంటియాన్‌లో ఉన్నప్పుడే ఒక నిర్ణయం

ఇక్కడ రెండు దారులు. మొదటి రన్ అయితే, ఈ ఏడాది భూమార్గంలో ఇంకా కోటా మిగిలి ఉంటే, రెండు రోజులు నది ఒడ్డున తిరిగి మామూలుగా వెనక్కి వచ్చేయొచ్చు.

పేజీలు బరువెక్కాయనిపిస్తే టూరిస్టు వీసాకే దరఖాస్తు పెట్టండి. 2025 జనవరి 1 నుంచి ప్రపంచంలోని థాయ్ ఎంబసీలన్నీ ఈ-వీసా పద్ధతికి మారాయి, కాబట్టి ఒకప్పటిలా వియెంటియాన్ ఎంబసీ గేటు ముందు తెల్లవారుజామున క్యూ కట్టక్కర్లేదు. అంతా ఆన్‌లైనే, కానీ దరఖాస్తు చేసేటప్పుడు మీరు నిజంగా లావోస్‌లో ఉండాలి. ఎంట్రీ స్టాంపు పడ్డాక మొదలుపెట్టండి. ఇలా తెచ్చుకున్న సింగిల్ ఎంట్రీ టూరిస్టు వీసాతో 60 రోజులు ఉండొచ్చు, దాన్నీ 30 రోజులు పొడిగించుకోవచ్చు, పైగా భూమార్గంలో ఏడాదికి రెండుసార్లన్న లెక్క దీనికి వర్తించదు. ఖర్చు ఎక్కువ, కొన్ని పని దినాలు ఆగాలి. అయినా కౌంటర్ ముందు నిలబడినప్పుడు ఒక ఎంబసీ పరిశీలించి ఇచ్చిన కాగితం మీ పక్షాన ఉంటుంది. రెండోసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

తిరుగు ప్రయాణం, ఆ రెండు నిమిషాలు

ఉదయం పూట దాటండి. ఏదైనా తేడా వస్తే మాట్లాడటానికి పగలు మిగిలి ఉంటుంది. లావోస్ ఎగ్జిట్, షటిల్, థాయ్ ఎంట్రీ అనే వరసలో నడుస్తుంది.

కౌంటర్‌లో అడిగే ప్రశ్నలు చిన్నవి. ఎందుకు వస్తున్నారు, ఎన్నాళ్ళు, ఎక్కడ ఉంటారు, ఏం పని చేస్తారు. జవాబూ చిన్నదే ఉండాలి: ఫలానా ఊళ్ళు చూస్తాను, ఫలానా తేదీన ఇంటికి వెళ్తున్నాను, ఇదిగో టికెట్టు. అబద్ధం చెప్పకండి. లావోస్ ఎందుకు వెళ్ళారంటే, గడువు ముగుస్తోంది కాబట్టి బయటికి వెళ్ళాను, రెండు రోజులు వియెంటియాన్ చూశాను అనండి. అందులో దాచాల్సిందేమీ లేదు. అడగని విషయాలు మాత్రం కలపొద్దు. పక్కన ఉన్న మిత్రుడు మధ్యలో దూరి ఇంగ్లీషులో సర్దిచెప్పబోతే ఆపండి. అరవడం, వీడియో తీయడం, పాస్‌పోర్ట్‌లో నోటు మడిచి పెట్టడం లాంటివి చేశారో, స్టాంపు పడాల్సిన పేజీ మీద తిరస్కరణ పడుతుంది.

స్టాంపు పడగానే కౌంటర్ ముందే నిలబడి తేదీ చదవండి. 60 రోజులు రావలసినచోట తక్కువ కొట్టారా, నెల తప్పు తిరిగిందా చూసుకోండి. అక్కడికక్కడే వినయంగా చూపిస్తే దిద్దుతారు. బ్యాంకాక్ చేరాక దిద్దించుకోవాలంటే ఒక రోజు పోతుంది. ఆ పేజీని ఫోటో తీసుకుని కొత్త గడువు ఫోన్‌లో పెట్టుకోండి. పాత గదికే వచ్చినా టీఎం 30 సంగతి ఓనర్‌ను మళ్ళీ అడగండి.

వెనక్కి పంపేస్తే

ఇది జైలు కాదు, నేరమూ కాదు. భూ సరిహద్దులో తిరస్కరిస్తే మిమ్మల్ని లావోస్ వైపుకే పంపుతారు. కారణం రాతపూర్వకంగా ఇస్తే ఫోటో తీసుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ లావోస్ వీసా సింగిల్ ఎంట్రీ, మీరు ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని వచ్చేశారు. అవతల ఆఫీసర్ ఆ ఎగ్జిట్‌ను రద్దు చేసి లోపలికి రానిస్తే సరే, లేదంటే మళ్ళీ వీసా కట్టాలి. అందుకే రెండోసారికి సరిపడా డాలర్లు, ఇంకో ఫోటో చివరిదాకా ఖర్చు చేయకుండా ఉంచుకోండి.

అదే రోజు ఇంకో బోర్డర్‌కు పరిగెత్తడం వల్ల లాభం లేదు, తిరస్కరించిన సంగతి కంప్యూటర్‌లో ఉంటుంది. వియెంటియాన్‌లో గది తీసుకుని ఈ-వీసాకు దరఖాస్తు పెట్టండి, లేదా అక్కడి నుంచి ఇండియాకు టికెట్టు చూసుకోండి. బ్యాంకాక్ మీదుగా తీసుకునేట్టయితే మధ్యలో ఇమ్మిగ్రేషన్ దాటాల్సిన అవసరం లేని ఒకే టికెట్టు కావాలి. వేర్వేరు టికెట్లు, చెక్-ఇన్ బ్యాగు ఉంటే థాయ్‌లాండ్‌లోకి ప్రవేశించక తప్పదు. బ్యాంకాక్ గదిలో సామాను మిగిలిపోతే ఓనర్‌కు మెసేజ్ పెట్టి, స్నేహితుడి చేత తీయించండి. ఈ ఒక్క కారణానికే, బోర్డర్‌కు బయల్దేరే రోజున ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లు, మందులు గదిలో వదలకుండా వెంట తీసుకెళ్ళాలి.